ఓడినవారి కాగితాలూ కనిపించే టెండర్ల పోర్టల్: ఉక్రెయిన్ ‘ప్రొజొరో’ సమీక్ష

ఉక్రెయిన్‌లోని ఒక పట్టణ పురపాలక సంఘం బడిపిల్లల భోజనానికి బంగాళాదుంపలను ఏ ధరకు కొన్నదో, ఆ సరఫరా కోసం ఎవరెవరు పోటీ పడ్డారో, ఓడిపోయినవారు ఏయే పత్రాలు దాఖలు చేశారో హైదరాబాదులోనో రాజమహేంద్రవరంలోనో కూర్చుని చూడవచ్చు. దానికి లాగిన్ అవసరం లేదు, రుసుము లేదు, ఎందుకు చూస్తున్నారని అడిగేవారూ లేరు. ఈ సౌకర్యం కల్పిస్తున్న ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక పేరు ప్రొజొరో. అవినీతి నిరోధం పేరుతో అంతర్జాతీయ అభివృద్ధి సంస్థలు వివిధ దేశాలకు ఇచ్చే సాయంలో పెద్ద భాగం శిక్షణ తరగతులు, వ్యూహపత్రాలు, సలహాదారుల నివేదికలుగానే మిగిలిపోతుంది. వాటిలో ఏది పనిచేసిందో, ఏది బీరువాలోకి వెళ్లిందో బయటివారికి తెలిసే దారి ఉండదు. ప్రొజొరో మాత్రం ఎవరైనా తెరిచి, వాడి, బాగోగులు తేల్చుకోగల వస్తువు. అందుకే దాన్ని ఒక సేవగానే భావించి, వినియోగదారుడి దృష్టితో ఈ సమీక్ష రాస్తున్నాను.

దీని పుట్టుక గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే సాయం చేసిన సంస్థల నేర్పు ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. 2014 ఫిబ్రవరిలో ప్రజా ఉద్యమం ధాటికి అధ్యక్షుడు యనుకోవిచ్ ప్రభుత్వం పడిపోయే నాటికి ఉక్రెయిన్‌లో టెండర్లు కాగితాల మీదే నడిచేవి. ఎవరికి దక్కాలో ముందే తేలిపోయిన పనికి తర్వాత కవర్లు తెరవడం మామూలు వ్యవహారంగా ఉండేది. ఆ ఉద్యమంలో పాల్గొన్న కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు, వారిలో స్టాక్ మార్కెట్ వ్యాపారంలో అనుభవమున్న ఒలెక్సాండర్ స్తరొదుబ్‌త్సెవ్ వంటివారు, 2010లోనే టెండర్లను పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చిన జార్జియా అనుభవజ్ఞుల సలహాతో ఈ పనికి పూనుకున్నారు. తొలి పెట్టుబడిని కొన్ని ప్రైవేటు ఈ-వ్యాపార వేదికలు తలా కొంత వేసుకున్నాయి. జర్మనీ అభివృద్ధి సంస్థ జీఐజెడ్, అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్, యూరోపియన్ పునర్నిర్మాణ అభివృద్ధి బ్యాంకు వంటివి ఆ తర్వాత వచ్చి చేరాయి. 2015 ఫిబ్రవరిలో ప్రయోగాత్మకంగా చిన్న కొనుగోళ్లతో మొదలైన ఈ వేదికకు అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చట్టబద్ధత కల్పించింది. 2016 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖలకు, ఆగస్టు 1 నుంచి మొత్తం ప్రభుత్వ యంత్రాంగానికి దీన్ని తప్పనిసరి చేశారు.

ఆ క్రమంలో తక్కువగా చర్చకు వచ్చే ఒక ఏర్పాటు ఉంది. ప్రభుత్వం ఇంకా సిద్ధంగా లేని దశలో ఈ వ్యవస్థను అవినీతి వ్యతిరేక పౌర సంస్థ ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఉక్రెయిన్ శాఖ తన అధీనంలో ఉంచుకుంది. దాతల డబ్బు ఆ సంస్థ ద్వారా వచ్చింది. వ్యవస్థ నిలదొక్కుకున్నాక దాన్ని ఆర్థికాభివృద్ధి, వాణిజ్య మంత్రిత్వ శాఖ కింది ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. పైగా సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎవరైనా తీసుకుని వాడుకునే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విడుదల చేశారు. అందుకే పొరుగున ఉన్న మాల్దోవా తన సొంత వేదిక కోసం ఈ అనుభవాన్ని అందిపుచ్చుకోగలిగింది. సాయం చేసిన సంస్థ పేరు అట్ట మీద పెద్దక్షరాలతో ఉండి, ప్రాజెక్టు గడువు తీరిన మర్నాడే సర్వరు ఆగిపోయిన పథకాలను ఎరిగినవారికి ఈ అప్పగింత విలువ అర్థమవుతుంది.

ఇక వాడకం సంగతి. వెబ్‌సైటులో ఇంగ్లీషు పేజీ ఉంది గాని, అందులో కనిపించే సమాచారం పరిమితం. చట్టం ప్రకారం యూరోపియన్ ప్రమాణాల పరిమితులు దాటిన పెద్ద కొనుగోళ్లకు మాత్రమే ప్రకటనను ఇంగ్లీషులోనూ ఇవ్వాలి. మిగిలినదంతా ఉక్రేనియన్‌లోనే ఉంటుంది. బ్రౌజర్‌లోని అనువాద సౌకర్యం వాడితే వరుసలు, ధరలు, తేదీలు బాగానే తెలుస్తాయి. స్కాన్ చేసి పెట్టిన ఒప్పంద పత్రాల దగ్గర మాత్రం అది చేతులెత్తేస్తుంది. ప్రతి కొనుగోలుకూ దేశం పేరు, సంవత్సరం, నెల, తేదీ, వరుససంఖ్య కలిపిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య చేతిలో ఉంటే అంచనా విలువ నుంచి సంతకమైన ఒప్పందం దాకా అన్నీ ఒకే పేజీలో వరుసగా దొరుకుతాయి. సంఖ్య తెలియనప్పుడు కొనుగోలుదారు కార్యాలయం నమోదు సంఖ్యతోనో, వస్తువు వర్గీకరణ సంఖ్యతోనో వెతకాలి. ఈ వెతుకులాట కొత్తవారికి కొంత ఇబ్బంది పెడుతుంది. ఒక ఊరి ఆస్పత్రి ఏమేం కొన్నదో చూడాలంటే ముందు ఆ ఆస్పత్రి నమోదు సంఖ్యను వేరేచోట పట్టుకోవలసి రావచ్చు.

నన్ను బాగా ఆకట్టుకున్నది వేలం జరిగే తీరు. ఇది ధర తగ్గించుకుంటూ పోయే పాట. మనకు తెలిసిన పేరుతో చెప్పాలంటే రివర్స్ టెండరింగ్. పాట మూడు విడతల్లో సాగుతుంది. ప్రతి విడతలోనూ ఎక్కువ ధర పలికినవారికి ముందు అవకాశం వస్తుంది, అందరికంటే తక్కువ పలికినవారు చివర్లో మాట్లాడతారు. అంటే ఎల్‌1 (అతి తక్కువ ధర) స్థానంలో ఉన్నవారికి ఎదుటివారి పాట చూసి నిర్ణయించుకునే వెసులుబాటు ఉంటుంది. పాట జరుగుతున్నంతసేపూ పోటీదారుల పేర్లు కనిపించవు, సంఖ్యలే కనిపిస్తాయి. పాటను ఎవరైనా ప్రత్యక్షంగా చూడవచ్చు. అది ముగిసిన తర్వాత పేర్లు, పత్రాలు బయటపడతాయి, గెలిచినవారివే కాక ఓడినవారివి కూడా. ఇదే ఈ సేవలోని ముఖ్యమైన ఆకర్షణ అని నా అభిప్రాయం. ఎందుకంటే కుమ్మక్కును పట్టించేవి సాధారణంగా ఓడినవారి కాగితాలే. ఇద్దరు ‘పోటీదారుల’ పత్రాల్లో ఒకే అక్షరదోషం ఉండటం, ఒకే ఫోన్ నంబరు ఉండటం, ప్రతి టెండరులోనూ ఒకే కంపెనీ రెండో స్థానంలో నిలిచి ఏ ఫిర్యాదూ చేయకుండా వెళ్లిపోవడం వంటివి వాటిలోనే దొరుకుతాయి. మన గుత్తేదారుల భాషలో ‘రింగు’ అనే ఏర్పాటును బయటినుంచి చూసి పట్టుకోగల అవకాశం ఉన్న టెండర్ల వేదికలు అరుదు. మన రాష్ట్రాల పోర్టళ్లలో సామాన్య పౌరుడికి పని పేరు, విలువ, గడువు, చివరకు దక్కించుకున్నవారి పేరు వరకు తెలిసినా, ఓడినవారి సాంకేతిక పత్రాలు కావాలంటే ఎక్కువ సందర్భాల్లో సమాచార హక్కు దరఖాస్తే దారి.

ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు. ప్రపంచ బ్యాంకు రుణాలతో పాలనా సంస్కరణలు సాగిన కాలంలో, 2003లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక ప్రైవేటు సంస్థ భాగస్వామ్యంతో ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రారంభించింది. అంతకుముందు టెండరు ఫారం కొనడానికి వచ్చినవారిని కార్యాలయం గేటు దగ్గరే అడ్డుకునే పరిస్థితి ఉండేది. ఆన్‌లైన్ దాఖలుతో ఆ బెడద తగ్గిన మాట వాస్తవం. రివర్స్ టెండరింగ్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో తెచ్చి, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేసింది. ఉక్రెయిన్‌లో అదే పద్ధతి రెండు అధ్యక్ష పాలనలను చూసి, యుద్ధాన్ని తట్టుకుని నిలవడానికి చట్టం ఒక కారణమైతే, దాని చుట్టూ ఏర్పడిన స్వతంత్ర వాడుకరుల బృందం మరొక కారణం. పద్ధతిని మార్చాలంటే ఒక శాఖను ఒప్పిస్తే చాలదు; పాత్రికేయులు, చిన్న వ్యాపారులు, పౌర సంఘాలు, దాతలు అందరూ ఒకేసారి గొంతెత్తుతారు.

చిన్న వ్యాపారుల కోణంలో చూసినా సేవ మెచ్చదగినదే. కేంద్ర సమాచార నిధి ప్రభుత్వానిది, దానికి అనుసంధానమైన ప్రైవేటు వేదికలు మాత్రం అనేకం. వ్యాపారి తనకు నచ్చిన వేదికలో నమోదైతే చాలు, దేశంలోని ఏ టెండరులోనైనా పాల్గొనవచ్చు. పోటీ వల్ల ఆ వేదికలు తమ సేవల నాణ్యత పెంచుకోవలసి వస్తుంది, ఒక్క కంపెనీ చేతిలో వ్యవస్థంతా చిక్కుకునే ప్రమాదం ఉండదు. తొలినాళ్లలో పాల్గొనే రుసుము టెండరు విలువను బట్టి 17 హ్రివ్నాల (హ్రివ్నా ఉక్రెయిన్ కరెన్సీ) నుంచి 1,700 హ్రివ్నాల వరకు ఉండేది. ఆ రుసుముల ఆదాయమే నిర్వహణ ఖర్చులకు ఆధారం కావడం వల్ల దాతల నిధులు ఆగినా నిత్య నిర్వహణ ఆగదు.

అన్యాయం జరిగిందనుకున్న పోటీదారు వేదిక ద్వారానే గుత్తాధిపత్యాన్ని అరికట్టే ప్రభుత్వ సంస్థ యాంటీమోనోపలీ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు విచారణలో ఉన్నంతకాలం ఒప్పందంపై సంతకం జరగకుండా వ్యవస్థే ఆపివేస్తుంది. తీర్పు కూడా అదే పేజీలో ప్రచురితమవుతుంది. ఫిర్యాదుకు రుసుము ఉంది, పనికిమాలిన ఫిర్యాదులతో పనులు ఆపి బేరాలాడేవారిని అడ్డుకోవడానికి అది అవసరమే. కాని చిన్న సరఫరాదారులకు ఆ మొత్తం భారమేనన్న మాటను కొట్టిపారేయలేం. సాధారణ పౌరులకు, పాత్రికేయులకు వేరే ద్వారం ఉంది. 2016 నవంబరులో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఉక్రెయిన్ ప్రారంభించిన దొజొరో అనే అనుబంధ వేదికలో అనుమానాస్పద టెండర్లపై ఎవరైనా వ్యాఖ్య రాయవచ్చు. దేశమంతటా ఉన్న పౌర సంఘాలు వాటిని పరిశీలించి, అవసరమైతే కొనుగోలుదారు కార్యాలయానికి, ఆడిట్ విభాగానికి, పోలీసులకు లేఖలు పంపుతాయి. ప్రభుత్వ ఆడిట్ విభాగం 2018లో ఆటోమేటిక్ ప్రమాద సూచికల ఆధారంగా ఏ టెండరును పరిశీలించాలో ఎంచుకోవడం మొదలుపెట్టింది. అంతర్జాతీయ సంస్థల డబ్బు ఖర్చైన చోట్ల దొజొరోను నేను ప్రొజొరో కంటే ఒక మెట్టు పైనే ఉంచుతాను. సమాచారాన్ని బయటపెట్టడం సగం పనే. దాన్ని కూర్చుని చదివే మనుషులకు జీతాలివ్వడం మిగతా సగం. ఆ రెండో సగానికి డబ్బిచ్చే దాతలు ఎప్పుడూ తక్కువే, దాని ఫలితాన్ని రిబ్బను కత్తిరించి చూపలేం కనుక.

మెచ్చుకోలు అయింది గనుక లోపాలకు వద్దాం. వాటిలో కొన్ని ఏ టెండరు వ్యవస్థలోనైనా ఉండేవే. ఒకే కంపెనీ కొలతలకు కుట్టిన చొక్కాలాంటి అర్హత షరతులు ఇక్కడా ఉన్నాయి. పరిమితి దాటకుండా పనిని ముక్కలు చేయడమూ ఉంది. రెండు లక్షల హ్రివ్నాల పరిమితి ఉన్న రోజుల్లో 1,99,999 హ్రివ్నాల ఒప్పందాలు ఉక్రెయిన్ పత్రికల్లో హాస్యానికి సరుకయ్యాయి. అంచనా విలువ పెంచి చూపించి నామినేషన్‌పై ఇచ్చే పనుల కథలు విన్న తెలుగు పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో 50 వేల హ్రివ్నాలు, ఆపై విలువగల కొనుగోళ్లను కూడా వేదిక పరిధిలోకి తేవడం మంచి దిద్దుబాటు.

ప్రచారపత్రాల్లో కనిపించే ‘ఆదా’ లెక్కల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. ఆదా అంటే సాధారణంగా అంచనా విలువకూ ఒప్పంద ధరకూ ఉన్న తేడా. అంచనాను ముందే ఉబ్బించి వేసిన అధికారి కూడా ఈ లెక్కలో గొప్ప పొదుపరిగా తేలతాడు. అందువల్ల వందల కోట్ల డాలర్లు మిగిలాయన్న ప్రకటనలను నేను ఈ సమీక్షలో పరిగణించలేదు. ఒకే వస్తువుకు వివిధ కార్యాలయాలు చెల్లించిన యూనిట్ ధరలను పోల్చడమే అసలైన కొలత. ఆ పోలికకు కావలసిన సమాచారం వేదికలో ఉంది గాని, వస్తువుల వివరణ ఒక్కో కార్యాలయం ఒక్కో విధంగా రాయడం వల్ల పోల్చడం కష్టమవుతుంది. 2019 తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ క్యాటలాగ్, అంటే ప్రొజొరో మార్కెట్, ఈ ఇబ్బందిని ప్రామాణిక వస్తువుల వరకు కొంత తగ్గించింది.

నా దృష్టిలో పెద్ద లోపం ఇవేవీ కావు. ఈ వేదిక చూపు సంతకం దాకా పదునుగా ఉంటుంది, సంతకం తర్వాత మందగిస్తుంది. దీనికి స్పష్టమైన ఉదాహరణ విద్యుత్తు, గ్యాస్, ఇంధనం కొనుగోళ్లలో కనిపించింది. మార్కెట్ ధర మారితే ఒప్పంద ధరను పది శాతం వరకు పెంచుకోవచ్చని చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. సరఫరాదారులు దాన్ని ఒకసారికి పది శాతం చొప్పున ఎన్నిసార్లైనా అని అన్వయించుకున్నారు. వేలంలో నమ్మశక్యం కాని తక్కువ ధర పలికి పని దక్కించుకోవడం, ఆ తర్వాత వరుసగా అనుబంధ ఒప్పందాలు రాయించుకుని ఓడినవారు పలికిన ధరను కూడా దాటిపోవడం ఒక వ్యాపార పద్ధతిగా మారింది. మన దగ్గర తక్కువకు కోట్ చేసి, పని మొదలయ్యాక సవరించిన అంచనాలు, అదనపు పనుల పేరుతో లెక్క సరిచేసుకునే అలవాటుకు ఇది స్వయానా తోబుట్టువు. మూడు విడతల వేలం, ప్రత్యక్ష ప్రసారం, అజ్ఞాత పోటీదారులు అన్నీ చివరకు ఒక అనుబంధ కాగితం ముందు అర్థం కోల్పోయాయి. ప్రాసిక్యూటర్లు ఒక్కొక్క ఒప్పందం మీద దావాలు వేయగా వేయగా, 2024 జనవరిలో ఉక్రెయిన్ సుప్రీం కోర్టు గ్రాండ్ చాంబర్ (విస్తృత ధర్మాసనం) ఎన్ని అనుబంధ ఒప్పందాలు రాసుకున్నా మొత్తం పెంపు మొదటి ధరపై పది శాతాన్ని మించరాదని తేల్చింది. ఆ అనుబంధ ఒప్పందాలన్నీ కూడా వేదికలో ప్రచురితమైనవే అన్నది గమనించాలి. దాచలేదు, అందరికీ కనిపిస్తుండగానే జరిగింది. చూపించినంత మాత్రాన ఆగదన్నదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

యుద్ధకాలపు అనుభవం దీనికి రెండో పార్శ్వం. 2022 ఫిబ్రవరిలో రష్యా దండయాత్ర మొదలైన కొద్ది రోజులకే పోటీ టెండర్ల నిబంధనను ప్రభుత్వం సడలించి నేరుగా ఒప్పందాలకు అనుమతించింది. బాంబులు పడుతున్న ఊళ్లో వేలం పాట పెట్టమనడం ఎవరికీ సాధ్యం కాదు గనుక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అదే ఏడాది అక్టోబరులో, యుద్ధం నడుస్తుండగానే, కొన్ని ప్రత్యేక నిబంధనలతో పోటీ టెండర్లను పునరుద్ధరించడం మెచ్చవలసిన విషయం. కాని రక్షణ శాఖ కొనుగోళ్లు తెర వెనుకే ఉండిపోయాయి. 2023 జనవరిలో యూరీ నికొలోవ్ అనే పాత్రికేయుడు సైనికుల భోజన ఒప్పందంలో కోడిగుడ్డు ఒక్కొక్కటి 17 హ్రివ్నాలకు కొంటున్నారని బయటపెట్టాడు. అప్పటికి కీవ్ దుకాణాల్లో దాని ధర సుమారు 7 హ్రివ్నాలు. ఆయుధాల ధర రహస్యంగా ఉండాలంటే అర్థముంది, గుడ్డు ధరలో ఏ సైనిక రహస్యం ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. రక్షణ శాఖ ఉపమంత్రి వ్యాచెస్లావ్ షపొవలోవ్ రోజుల వ్యవధిలో రాజీనామా చేశారు. రక్షణ మంత్రి ఒలెక్సీ రెజ్నికోవ్ ఆ ఏడాది సెప్టెంబరులో పదవి వదిలారు. తిండి, బట్టల వంటి వాటి ధరలు ప్రచురించాలని పార్లమెంటు ఫిబ్రవరిలోనే చట్టం చేసింది. ఆ తర్వాత సైన్యానికి భోజన సరఫరా బాధ్యతను ప్రత్యేక ప్రభుత్వ సంస్థకు అప్పగించి, ప్రొజొరో ద్వారా కొనడం మొదలుపెట్టారు. ఆ సంస్థకు నాయకత్వం వహించిన అర్సెన్ జుమదీలోవ్ అంతకుముందు మందుల కొనుగోలు సంస్థను నడిపినవారు.

మందుల కథ అంతర్జాతీయ సంస్థల సాయంలో మరో రకానికి ఉదాహరణ, ఇక్కడ ప్రొజొరోతో పోల్చి చూడటం ఉపయోగకరం. కొద్దిమంది పంపిణీదారుల గుప్పిట్లో ఉన్న మందుల కొనుగోలును 2015 తర్వాత ఉక్రెయిన్ పూర్తిగా తన చేతుల్లోంచి తీసేసి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమానికి, యునిసెఫ్‌కు, బ్రిటన్‌కు చెందిన క్రౌన్ ఏజెంట్స్‌కు అప్పగించింది. ఒక సార్వభౌమ ప్రభుత్వం తన క్యాన్సర్ మందులను తాను నిజాయితీగా కొనుక్కోలేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ దారి త్వరగా ఫలితమిచ్చింది గాని, అప్పగించిన చేతులు నేర్చుకునేదేమీ ఉండదు. 2018లో సొంత కొనుగోలు సంస్థను ఏర్పాటు చేసుకున్నాకే అసలు పరీక్ష మొదలైంది. ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే, ప్రాణాల మీదికి వచ్చినప్పుడు మొదటిది, తతిమ్మా వేళల్లో రెండవది అని చెబుతాను.

పట్టుబడినవారికి శిక్ష పడటం ఈ వేదిక పని కాదు, అయినా దాని విలువ దానిపైనే ఆధారపడి ఉంది. అందుకే దాతలు ఇక్కడ సాఫ్ట్‌వేర్‌కు డబ్బివ్వడంతో సరిపెట్టుకోలేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధి రుణ షరతులు, యూరోపియన్ యూనియన్ వీసా సడలింపు షరతులు కలిసి అవినీతి నిరోధక బ్యూరో నాబూ, ప్రత్యేక ప్రాసిక్యూటర్ కార్యాలయం, అధికారుల ఆస్తుల ఎలక్ట్రానిక్ ప్రకటన, 2019 సెప్టెంబరులో పని ప్రారంభించిన ఉన్నత అవినీతి నిరోధక న్యాయస్థానం రావడానికి వెనుకనుంచి తోశాయి. బయటివారి ఒత్తిడితో వచ్చిన సంస్థలు ఇంటివారికి ఎంతవరకు సొంతమవుతాయన్న సందేహం నాకూ ఉండేది. 2025 జూలై 22న నాబూ, ప్రత్యేక ప్రాసిక్యూటర్ల స్వతంత్రతను తగ్గిస్తూ పార్లమెంటు చట్టం చేసి అధ్యక్షుడు అదే రోజు సంతకం పెట్టినప్పుడు, యుద్ధం మధ్యలోనే కీవ్, ఇతర నగరాల్లో యువత చేత్తో రాసిన అట్టముక్కలు పట్టుకుని వీధుల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి హెచ్చరికలూ వచ్చాయి. జూలై 31న ఆ స్వతంత్రతను తిరిగి ఇస్తూ మరో చట్టం చేయక తప్పలేదు. ఏ ఒత్తిడి ఎంత పనిచేసిందని తూకం వేయడం కష్టం గాని, రెండూ లేకపోతే ఆ పది రోజుల్లో అది జరిగేది కాదు.

అదే ఏడాది నవంబరులో నాబూ బయటపెట్టిన అణువిద్యుత్ సంస్థ ఎనెర్గొఆటమ్ వ్యవహారం నేను పైన చెప్పిన లోపానికి నేరుగా తగులుతుంది. బ్యూరో ఆరోపణ ప్రకారం, ఆ సంస్థకు పనిచేసే గుత్తేదారుల నుంచి ఒప్పంద విలువలో 10 నుంచి 15 శాతం వసూలు చేశారు. ఇవ్వనివారి బిల్లులు ఆగిపోయేవి, లేదా సరఫరాదారుల జాబితాలోంచి పేరు పోయేది. ఇద్దరు మంత్రులు పదవులు వదలవలసి వచ్చింది. కేసు ఇంకా తేలవలసి ఉంది గనుక దోషులెవరన్నది అలా ఉంచి, వసూలు జరిగిందంటున్న చోటును గమనించాలి. టెండరు పిలిచిన చోటు అది కాదు, పాట జరిగిన చోటూ కాదు, పని చేసినవాడు బిల్లు కోసం ఎదురుచూసే గుమ్మం. మన పంచాయతీరాజ్, నీటిపారుదల గుత్తేదారులకు ఆ గుమ్మం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. బిల్లు ఏ తేదీన పెట్టారు, ఎవరి తర్వాత ఎవరికి చెల్లించారు అన్నది చీకట్లో ఉన్నంతకాలం పర్సంటేజీలు ఉంటూనే ఉంటాయి.

ఉక్రెయిన్‌లో ఖజానా చెల్లింపులను చూపే ప్రభుత్వ పోర్టల్ విడిగా 2015 నుంచీ ఉంది. ప్రొజొరో పేజీలోని ఒప్పందాన్ని, ఆ పోర్టల్‌లోని చెల్లింపును ఓపిక ఉన్న పరిశోధకుడు పక్కపక్కన పెట్టి చూడగలడు. సాధారణ పాఠకుడికి మాత్రం ఆ రెండు పేజీల మధ్య నడక చాలా దూరం, పైగా ఎనెర్గొఆటమ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల సొంత ఖాతాల చెల్లింపులు ఖజానా ద్వారా నడవవు. 2023లో వచ్చిన డ్రీమ్ అనే పునర్నిర్మాణ వేదిక ఒక భవనం కథను ప్రతిపాదన నుంచి నిధులు, టెండరు, పని పురోగతి దాకా ఒకే తాడుమీద చూపాలని ఆశిస్తోంది. దాతలు ఇకముందు డబ్బు పెట్టదలిస్తే పెట్టవలసింది ఈ దారిలోనే అని నా అభిప్రాయం. కాని ఆ దాతల్లో పెద్దదైన యూఎస్ఎయిడ్ 2025 జనవరిలో నిధులు స్తంభించి, జూలై 1 నాటికి విడి సంస్థగా మూతపడింది. ప్రొజొరో తన రుసుములతో నడుస్తుంది. ఓడినవారి కాగితాలను కూర్చుని చదివే పౌర సంఘాలకు అలాంటి ఆదాయం లేదు.

నక్షత్రాలు వేయమంటే, టెండరు ప్రకటన నుంచి సంతకం వరకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. వెతుకులాటలోని ఇబ్బంది, ఇంగ్లీషు పేజీ పలుచదనం వల్ల ఒక అర తగ్గించాను. సంతకం తర్వాతి దశకు రెండున్నర. తెలుగు రాష్ట్రాల్లో సమాచార హక్కు దరఖాస్తులతో టెండర్లను వెంటాడేవారు, స్థానిక పాత్రికేయులు, ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లను రూపొందించే అధికారులు దీన్ని ఒక మధ్యాహ్నం తీరికగా చూడటం మంచిది. మొదటిసారి చూసేవారు ఇంగ్లీషు పేజీతో కాలయాపన చేయకుండా ఉక్రేనియన్ పేజీనే అనువాదంతో తెరవాలి. ఇప్పటికే పూర్తయిన ఇంధనం లేదా విద్యుత్తు కొనుగోలు ఒకటి ఎంచుకుని, వేలం పట్టికలోని చివరి ధర రాసుకుని, పేజీ అడుగున ఒప్పందపు మార్పుల వరుసలోకి వెళ్లాలి. అక్కడ ఎన్ని అనుబంధ ఒప్పందాలున్నాయో లెక్కపెట్టి, ఆఖరిదానిలోని ధరను రెండో స్థానంలో నిలిచి ఓడినవారి ధరతో పోల్చి చూడాలి.